పాటకు నంబరుంది, పాడిన మనిషికి పేరేది?

(తంబళ్లపల్లెలో మహిళా సంఘాల కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే స్త్రీలు కలుసుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను మాట్లాడబోయే విషయం వినగానే, ఇది కూడా ఒక హక్కేనా అని మీలో కొందరికి అనిపించవచ్చు. కూలి రేట్లు, భూమి పట్టాలు, ఇంట్లో హింస, ఉపాధి హామీ బకాయిలు, ఇవీ మన సమావేశాల్లో మామూలుగా చర్చకు వచ్చేవి. నేను పాటల నంబర్ల గురించి మాట్లాడతాను. రికార్డు అయిన ప్రతి పాటకూ ఈ రోజు ఒక గుర్తింపు సంకేతం ఉంటుంది. ఆ సంకేతం ఎవరు ఇస్తారు, దాని వెనక ఎవరి పేరు రాస్తారు, ఎవరి పేరు రాయకుండా వదిలేస్తారు అన్నది స్త్రీల శ్రమకు సంబంధించిన ప్రశ్న. ఎందుకంటున్నానో చెప్పడానికి ముందు నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

సుమారు పదిహేనేళ్ల కింద నా పరిశోధన కోసం ఈ చుట్టుపక్కల పల్లెల్లో తిరిగాను. ఒక ఊళ్లో చెనక్కాయలు ఒలిచే చోట ఒక అవ్వ పాడుతుండేది. పాట పాతదే. తన అత్తగారి ఊళ్లో నేర్చుకున్నది. కానీ అందులో నాలుగు చరణాలు ఆమె సొంతంగా కట్టినవి. కరువులో ఎండిన బావి, బెంగుళూరుకు పనికి పోయి ఉత్తరం ముక్క రాయని కొడుకు, ఇవి పాత పాటలో లేవు. ఆ సాయంత్రం రికార్డు చేసుకున్నాను. తిరిగొచ్చి ఆ టేపు మీద "తం-7, స్త్రీ, వయసు 60 పైన" అని రాశాను. నా సిద్ధాంత గ్రంథంలోనూ అదే రాశాను. పరిశోధనలో అది నీతి అని మాకు నేర్పారు. మాట్లాడిన మనిషి ఎవరో బయటికి తెలియకూడదు, పేరు బదులు ఒక సంకేతం వాడాలి.

కొన్నేళ్ల తర్వాత అదే ఊరికి వెళ్లాను. అవ్వ మనవరాలు ఫోనులో ఒక పాట పెట్టి వినిపించింది. డప్పులు, కీబోర్డు కలిపి చేసిన పాట. పాడింది ఎవరో కుర్రపిల్ల. చరణాలు మాత్రం అవ్వవే. ఎండిన బావి ఉంది, బెంగుళూరు కొడుకు ఉన్నాడు. ఒక పండుగనాడు ఎవరో వచ్చి అవ్వ చేత పాడించుకుని ఫోనులోకి ఎక్కించుకుపోయారట. పాట కింద ఒక కంపెనీ పేరు, సంవత్సరం, "సంప్రదాయ గీతం" అన్న మాట ఉన్నాయి. నాకు కోపం వచ్చింది. ఇది దొంగతనం, అడుగుదాం అన్నాను. అవ్వ నా మొగం చూసి, "వాళ్లు రాయలేదు, సరే. నువ్వు యాడ రాసుండావు పాపా నా పేరు?" అని అడిగింది.

నా దగ్గర సమాధానం లేదు. భర్త కొట్టిన సంగతి చెప్పిన స్త్రీ పేరు దాచడం ఆమెకు రక్షణ. పాట కట్టిన స్త్రీ పేరు దాచడం ఆమె సొత్తు పోగొట్టడం. రెండింటినీ నేను ఒకే గాటన కట్టాను. మన సంస్థల నివేదికల్లోనూ ఇదే జరుగుతోంది. అందుకే ఈ ప్రసంగం.

పాటలో పేరు

పాటకు గుర్తింపు కావాలన్న ఆలోచన కంపెనీలతో పుట్టలేదు. మన వాగ్గేయకారులు పాట చివర ముద్ర వేసేవారు. అన్నమయ్యకు వేంకటేశుడి పేరు, క్షేత్రయ్యకు మువ్వగోపాలుడి పేరు, త్యాగరాజుకు తన పేరే. పాట ఏ ఊరికి పోయినా, ఎవరి నోట పడినా, ముద్రను బట్టి ఫలానా వారిదని తెలిసేది. అది పాట కడుపులోనే పెట్టిన సంకేతం.

ఇక్కడికి ఎంతో దూరం లేని తరిగొండలో పుట్టిన వెంగమాంబ కూడా ఆ పని చేసింది. 18వ శతాబ్దంలో బాల్యంలోనే భర్త పోయిన స్త్రీ ఆమె. వితంతువుకు సంఘం విధించిన కట్టుబాట్లకు తల వంచలేదని ఈ ప్రాంతమంతా చెప్పుకుంటారు. తరిగొండ నృసింహుణ్ణి తన రచనల్లో తలచుకుంటూ ద్విపదలు, యక్షగానాలు రాసింది. 1817లో తిరుమలలో కన్నుమూసింది. ఆమె రచనలు ఆమెవిగా మిగలడానికి ఆమెకు చదువుండడం, రాతలో పెట్టడం, దేవుడి ఊరి పేరు వాటిలో ఉండడం తోడ్పడ్డాయి.

మరి విసుర్రాయి దగ్గర, రోకటి దగ్గర, వరినాట్లలో, కలుపు తీతలో, గొబ్బి చుట్టూ పాడిన స్త్రీలకు ముద్ర ఏది? ఆ పాటల్లో ఎవరి పేరూ లేదు. పని కలిసి చేశారు, పాట కలిసి పాడారు. పేరు అవసరం రాలేదు, ఎందుకంటే వినేవాళ్లకు పాడేవాళ్లు తెలుసు. పాట ఆ చుట్టు దాటి, అమ్మే వస్తువుగా మారినప్పుడు పేరు లేకపోవడం నష్టంగా మారింది.

ఆ మార్పు మన దేశంలో మొదలైన తీరు చూడండి. 1902లో గ్రామఫోన్ కంపెనీ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి రికార్డింగులు చేశాడు. అప్పట్లో పాడినవారిలో గౌహర్ జాన్ ముఖ్యురాలు. కచేరీలు చేసే స్త్రీ, సంఘం చిన్నచూపు చూసిన వృత్తిలోంచి వచ్చిన స్త్రీ. ఆమె పాట ముగించగానే తన పేరు తానే ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. ఆ రికార్డులు ముద్రణకు జర్మనీలోని హానోవర్‌కు వెళ్లేవి. అక్కడి పనివాళ్లు లేబులు మీద ఎవరి పేరు వెయ్యాలో తెలుసుకోవడానికి ఆ ఏర్పాటు అని చెప్తారు. కారణం ఏదైనా, 120 ఏళ్లు దాటినా ఆ రికార్డు ఎవరిదో మరొకరిని అడగనక్కర్లేదు. ఆమె గొంతే చెప్తోంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

మూడు రకాల నంబర్లు

ఇప్పుడు ఈనాటి సంకేతాలు ఎలా పనిచేస్తాయో చెప్తాను. అక్షరాలు చూసి భయపడకండి. రేషను కార్డు నంబరు, ఖాతా నంబరు అర్థం చేసుకున్న మనకు ఇవి కష్టం కాదు.

ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. ఒక పాటలో కనీసం మూడు సొత్తులు ఉంటాయి. మాటలు ఒకటి. బాణీ ఒకటి. ఆ మాటలూ బాణీ కలిసి ఒక రోజు ఒక గొంతు పాడగా తీసిన రికార్డింగు ఒకటి. అన్నమయ్య పాటలతో చెప్తే సులువుగా అర్థమవుతుంది. ఆయన 15వ శతాబ్దం వాడు. ఆ పాటలు రాగిరేకుల మీద చెక్కి తిరుమల ఆలయంలో దాచారు. రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, పాడే స్వరం లేదు. 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు వాటిలో కొన్నిటికి బాణీలు కట్టారు. అంటే మాటలు అందరివీ, బాణీ కట్టినవారిది, రికార్డింగు తీసినవారిది. ఒకే పాట మీద ముగ్గురి లెక్క ఉంటుంది.

రికార్డింగుకు ఇచ్చే నంబరు ఐ.ఎస్.ఆర్.సి. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1986లో దీన్ని ప్రమాణంగా ప్రకటించింది. అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం 12 ఉంటాయి. మొదటి రెండూ మొదట్లో దేశాన్ని సూచించేవి. మన దేశానికి ఐ, ఎన్ అనే అక్షరాలు. తర్వాతి మూడూ నంబరు ఇచ్చే కంపెనీవి. ఆ పైన రెండు అంకెలు నంబరు ఇచ్చిన సంవత్సరం, చివరి ఐదు ఆ సంవత్సరంలో ఆ పాట వరుస సంఖ్య. మన దేశంలో కంపెనీలకూ, సొంతంగా పాటలు తెచ్చేవారికీ ఈ సంకేతాలు మంజూరు చేసేది ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీ అనే రికార్డు కంపెనీల సంఘం. ఒకసారి ఇచ్చిన నంబరు, పాట వేరేవాళ్లకు అమ్మినా మారదు. అదే పాటను మళ్లీ పాడితే, రీమిక్స్ చేస్తే కొత్త నంబరు.

రచనకు, అంటే మాటలకూ బాణీకీ కలిపి ఇచ్చే నంబరు ఐ.ఎస్.డబ్ల్యు.సి. ఇది "టి" అక్షరంతో మొదలవుతుంది, తర్వాత తొమ్మిది అంకెలు, తప్పు పట్టుకోవడానికి చివర ఇంకొక అంకె. మొట్టమొదటి నంబరు 1995లో స్వీడన్‌కు చెందిన అబ్బా బృందం పాట "డాన్సింగ్ క్వీన్"కు ఇచ్చారు. రచయితల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య సిసాక్ దీన్ని నడుపుతుంది. ఒక పాటను వంద మంది పాడితే వంద రికార్డింగు నంబర్లు ఉంటాయి, రచన నంబరు ఒక్కటే.

మూడోది మనిషికి ఇచ్చే నంబరు. రచయితలకూ స్వరకర్తలకూ ఐ.పి.ఐ. అనే నంబరు ఉంటుంది. దాని లెక్కలు స్విట్జర్లాండులోని సూయిసా అనే సంఘం చూస్తుంది. మన దేశంలో ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ, అంటే ఐ.పి.ఆర్.ఎస్.లో సభ్యులైతే ఈ నంబరు వస్తుంది. ఆ సంఘం 1969లో ఏర్పడింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒక రచనకు ఐ.ఎస్.డబ్ల్యు.సి. రావాలంటే ఆ రచనలో పాలున్న వాళ్లందరూ ఎవరో తేలాలి, ఐ.పి.ఐ. నంబర్లతో సహా. మనిషికి నంబరు లేకపోతే ఆమె పాటకు ఆమె పేరుతో నంబరు రాదు.

ఈ నంబర్లు దేనికంటే, డబ్బు దారి తప్పకుండా ఉండడానికి. రేడియోలో, సినిమాలో, పెళ్లి మండపంలో, ఫోనులో పాట మోగితే లెక్క ఈ నంబర్ల మీద రాసుకుంటారు. యూట్యూబులో పాటలను పోల్చి పట్టుకునే యంత్రాంగం శబ్దాన్ని పోలుస్తుంది. ఆ శబ్దానికి హక్కుదారు ఎవరన్నది మాత్రం ముందుగా అప్పజెప్పిన వివరాలను బట్టే చూస్తుంది. కాబట్టి అవ్వ పాటను ముందుగా ఎక్కించినవాళ్లు హక్కుదారులుగా నమోదైతే, రేపు అవ్వ మనవరాలు అదే రికార్డింగు ముక్క పెట్టినా అభ్యంతరం ఎదురుకావచ్చు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. నంబరు హక్కును పుట్టించదు. ఐ.ఎస్.ఆర్.సి. ఉన్నంత మాత్రాన కంపెనీ ఆ పాటకు యజమాని అని రుజువు కాదు. నంబరు లేనంత మాత్రాన అవ్వకు హక్కు పోదు. మన చట్టం ప్రకారం కాపీరైటుకు నమోదు తప్పనిసరి కూడా కాదు. కానీ ఆచరణలో డబ్బు, గుర్తింపు నంబరు వెంటే పోతాయి. పట్టా లేకపోయినా దున్నేవాడిదే భూమి అని మనం అంటాం. బ్యాంకువాడు మాత్రం పట్టా ఎవరి పేరున ఉందో చూస్తాడు. ఇదీ అంతే.

గడి ఎవరు నింపుతారు?

నంబరు దానికదే స్త్రీ అనీ పురుషుడనీ చూడదు. వివక్ష అంతా నంబరు వెనక ఉండే దరఖాస్తులో, ఆ దరఖాస్తులోని గడులలో ఉంటుంది.

చట్టంతో మొదలుపెడదాం. 1957 కాపీరైట్ చట్టంలో 52ఎ అనే సెక్షన్ ఉంది. రికార్డింగును ప్రచురించేవారు దాని మీద ఏమేమి వెయ్యాలో అది చెప్తుంది. రికార్డింగు చేయించినవారి పేరు, చిరునామా. కాపీరైటు యజమాని పేరు, చిరునామా. మొదట ప్రచురించిన సంవత్సరం. ఈ మూడు. పాడిన మనిషి పేరు ఆ జాబితాలో లేదు. అదే చట్టంలో 55వ సెక్షన్, ప్రచురితమైన ప్రతి మీద ఎవరి పేరు రచయితగా ఉందో వారినే రచయితగా భావించాలనీ, కాదన్నవారు రుజువు చేసుకోవాలనీ అంటుంది. అంటే పేరు వెయ్యనివ్వకుండా ఊరుకుంటే, రుజువు భారం మన నెత్తిన పడుతుంది.

1977లో సుప్రీంకోర్టు ఐ.పి.ఆర్.ఎస్., ఈస్టర్న్ ఇండియన్ మోషన్ పిక్చర్స్ కేసులో సినిమా పాటల మీద నిర్మాతదే పైచేయి అని తీర్పు చెప్పింది. దాంతో రాసినవారూ స్వరపరచినవారూ చాలాకాలం నష్టపోయారు. పాడేవారికైతే చట్టంలో చోటే లేదు. 1994 సవరణతో మొదటిసారి ప్రదర్శకుల హక్కు అనే మాట వచ్చింది. 2012 సవరణ ఇంకా ముందుకు వెళ్లింది. పాట రాసినవారూ స్వరపరచినవారూ రాయల్టీలో తమ సమాన వాటాను వారసులకూ, కాపీరైటు సంఘానికీ తప్ప మరెవరికీ రాసివ్వకూడదని చెప్పింది. పాడినవారికి, తమను పాడినవారుగా గుర్తించాలని అడిగే హక్కును 38బి సెక్షన్ ఇచ్చింది. ఆ మరుసటి సంవత్సరం గాయనీగాయకుల రాయల్టీ వసూలుకు ఇస్రా అనే సంఘం నమోదైంది. జానపదం పాడే స్త్రీ కూడా ఈ చట్టం దృష్టిలో ప్రదర్శకురాలే. కచేరీ వేదిక ఎక్కాలన్న నియమం ఎక్కడా లేదు.

ఇది మనకు పనికొచ్చే విజయం. కానీ అదే 2012 సవరణలో ఒక చిన్న మినహాయింపు ఉంది. సినిమాలో యాదృచ్ఛికంగానో, ప్రాసంగికంగానో పాల్గొన్నవారు, పరిశ్రమ అలవాటు ప్రకారం పేర్ల జాబితాలో ఎక్కడా కనిపించనివారు ప్రదర్శకులుగా లెక్కలోకి రారు. తమ ప్రదర్శనను వికృతం చెయ్యొద్దని అడిగే హక్కు ఒక్కటే వారికి మిగులుతుంది. ఇది ఎవరికి తగులుతుందో ఆలోచించండి. వెనక నిలబడి కోరస్ పాడినవాళ్లకు, ఊరి పాట ఒక బిట్టు పాడి కూలి తీసుకుని ఇంటికి వచ్చినవాళ్లకు తగిలే ప్రమాదం ఉంది. పేరు వెయ్యకపోవడం అలవాటు కాబట్టి హక్కు లేదు, హక్కు లేదు కాబట్టి పేరు వెయ్యరు. ఇంటి చాకిరీకి లెక్క లేదు కాబట్టి అది పని కాదు, పని కాదు కాబట్టి లెక్క లేదు అన్న వాదన మనం ఎన్నిసార్లు వినలేదు?

రచన దరఖాస్తులో పాత్రల గడులు ఉంటాయి. మాటలు రాసినవారు, స్వరకర్త, కూర్పు చేసినవారు అని. ఎవరిదో తెలియదన్నప్పుడు "సంప్రదాయం" అని రాస్తారు. నిజంగానే తరాలుగా అందరూ పాడుకుంటున్న పాటకు ఆ మాట సబబు. కానీ నాలుగు చరణాలు కట్టిన మనిషి కళ్ల ముందు బతికి ఉండగా ఆ మాట రాయడం, ఆ మనిషిని లేకుండా చెయ్యడమే. అడగలేదు కాబట్టి తెలియదు, తెలియదు కాబట్టి సంప్రదాయం. ఆ మీదట దాన్ని "సేకరించి, మెరుగుపరచిన" వారి పేరు మాత్రం గడిలోకి ఎక్కుతుంది.

మదనపల్లెలో ఒక స్వరలిపి

మన పక్కనే ఉన్న మదనపల్లెలో ఒక ఉదాహరణ ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో కొన్నాళ్లు ఉన్నాడు. 1911లో తాను రాసిన జనగణమన అక్కడ పాడి వినిపించాడు, ఇంగ్లీషులోకీ అక్కడే అనువదించాడు. ఆ పాట స్వరాలను కాగితం మీద పెట్టింది ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్. భార్య అని పరిచయం చెయ్యడం అన్యాయం. ఆమె ఐర్లండులో సంగీతంలో పట్టా తీసుకున్న మనిషి, అక్కడ స్త్రీల ఓటు హక్కు కోసం జైలుకు వెళ్లిన మనిషి. 1917లో మద్రాసులో ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పెట్టినవారిలో ఒకరు. 1927లో ఏర్పడిన అఖిల భారత మహిళా సభ వెనక ఉన్న మనిషి.

ఈ రోజు దరఖాస్తు నింపితే మాటలు ఠాగూర్‌వి, బాణీ ఠాగూర్‌దే. అది న్యాయమే, అందులో వాదన లేదు. కానీ విన్న పాటను స్వరలిపిలోకి ఎక్కించిన శ్రమకు విడిగా గడి లేదు. దాన్ని కొత్త కూర్పుగా ఒప్పుకుంటేనే చోటు. రాసిపెట్టడం, నేర్పడం, గుర్తుంచుకుని తర్వాతి తరానికి అందించడం, ఈ పనులు ఎక్కువగా స్త్రీలు చేస్తారు. సొత్తు లెక్కలో అవి రావు. అయినా మార్గరెట్ పేరు మనకు తెలుసు. ఆమెకు చదువుంది, రాసుకుంది, భర్తతో కలిసి ఆత్మకథ ప్రచురించింది. అదే రోజుల్లో అదే ఊళ్లో పొలాల్లో పాడిన స్త్రీల పేర్లు ఒక్కటీ మనకు తెలియవు. స్త్రీలందరూ ఒకేలా అదృశ్యం కారు. కులం, చదువు, డబ్బు ఎవరు ఎంత అదృశ్యమవుతారో నిర్ణయిస్తాయి.

అదే ఠాగూర్ రచనల విషయంలో ఇంకొకటి గమనించండి. ఆయన 1941లో పోయాడు. అప్పటి చట్టం ప్రకారం 50 ఏళ్లకు, 1991తో కాపీరైటు ముగియాలి. ఆ గడువు దగ్గరపడగానే ప్రభుత్వం చట్టాన్నే సవరించి 60 ఏళ్లు చేసింది. పేరున్న రచయిత కోసం దేశం చట్టం మార్చగలిగింది. పేరు లేని రచయిత్రి కోసం ఒక గడి చేర్చడం అసాధ్యమని నేను నమ్మను.

అడిగితే ఏమవుతుంది?

2021లో "లవ్ స్టోరీ" సినిమాలో "సారంగ దరియా" పాట వచ్చినప్పుడు జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. సినిమాలో పాడింది మంగ్లీ, సాహిత్యం సుద్దాల అశోక్ తేజ పేరున వచ్చింది. వరంగల్ ప్రాంతపు జానపద గాయని కోమలి, ఆ పాటను తాను సేకరించి అంతకు చాలా ముందే టీవీ కార్యక్రమంలో పాడానని, తన ప్రస్తావన లేకపోవడం అన్యాయమని బహిరంగంగా అడిగింది. పెద్ద చర్చ జరిగింది. దర్శకుడు శేఖర్ కమ్ముల స్పందించి ఆమెకు గుర్తింపు ఇస్తామన్నాడు.

అందులో ఎవరి వాటా ఎంత అని తేల్చడం నా ఉద్దేశం కాదు. నాకు ముఖ్యంగా కనిపించింది రెండు సంగతులు. ఒకటి, ఆమె టీవీలో పాడిన సాక్ష్యం ఉంది కాబట్టి ఆమె మాట నిలబడింది. రెండు, "జానపదం అందరిదీ కదా" అన్న వాదన వెంటనే వచ్చింది. అందరిదీ అన్నప్పుడు ఆ అందరిలో సినిమావాళ్లు ఉంటారు, కంపెనీ ఉంటుంది, పాటను కాపాడిన స్త్రీ మాత్రం ఎందుకు ఉండదు?

అలాగని మన పాటలన్నిటికీ నంబర్లు వేసి సొంతం చేసుకుందామని నేను అనడం లేదు. ఈ భయం మనలో కొందరికి ఉంది, ఉండాలి కూడా. నాట్లేసే చోట పాడడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎప్పటికీ అక్కర్లేకుండానే ఉండాలి. మాదిగ వాడలో పుట్టిన పాటను, సుగాలి తండాలో పుట్టిన పాటను మనలో చదువుకున్న ఒకామె తన పేరున నమోదు చేసుకుంటే అది కంపెనీ చేసిన దానికంటే ఏం తక్కువ? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమంలోనూ స్త్రీలు పాటలు పాడారు. ఉద్యమాల పాటలు ఒకరి సొత్తుగా మారడం ఎవరూ కోరుకోరు. సామూహిక రచనకు, సముదాయాల పాటకు ఎలాంటి రక్షణ ఉండాలన్నది ప్రపంచ మేధోసంపత్తి సంస్థలో 2000 నుంచీ చర్చలోనే ఉంది. 2024 మేలో జన్యు వనరులు, వాటితో ముడిపడిన సంప్రదాయ జ్ఞానం గురించి అక్కడ ఒక ఒప్పందం కుదిరింది. జానపద కళారూపాలు అందులో లేవు. అది కుదిరే దాకా మన చేతిలో ఉన్నది మనం చెయ్యాలి.

మనం చెయ్యగలిగినవి

మొదటిది, రికార్డు చేసే ప్రతిసారీ ఒక పుస్తకంలో రాయండి. పాడినామె పేరు, ఊరు, తేదీ. పాట ఎవరి దగ్గర నేర్చుకుంది. ఏ చరణం పాతది, ఏది తాను కట్టింది. వంత పాడినవాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా రాయండి, "మరికొందరు" అని రాయకండి. తన పేరు వద్దని ఆమె అంటే సరే. ఆ నిర్ణయం ఆమెది కావాలి, మనది కాకూడదు.

రెండవది, పాట అయిపోయాక ఆమె చేత ఆమె పేరు, ఊరు చెప్పించి అదే రికార్డింగులో ఉంచండి. 1902లో గౌహర్ జాన్ చేసిన పని ఇది. కాగితం పోతుంది, చెదలు తింటుంది. గొంతుతో చెప్పిన పేరు పాటతో పాటే ఉంటుంది. కత్తిరించి తీసేస్తే తప్ప పోదు, కత్తిరిస్తే అసలు రికార్డింగు మన దగ్గర ఉంటుంది.

మూడవది, ఎవరైనా కాగితం తెచ్చి వేలిముద్ర వెయ్యమంటే, చదివి వినిపించే దాకా వెయ్యనివ్వకండి. "అన్ని హక్కులూ, శాశ్వతంగా" అన్న మాట ఉందేమో చూడండి. కాపీరైటు బదిలీ పత్రంలో గడువు రాయకపోతే చట్టం ప్రకారం అయిదేళ్లే చెల్లుతుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. అందుకే ఆ రెండు చోట్లా వాళ్లు ఏం రాశారో తప్పక అడగాలి.

నాలుగవది, పాట బయటికి రాకముందే ఐ.ఎస్.ఆర్.సి. నంబరు అడిగి రాసుకోండి. దానితో పాటు పాడినవారు, రాసినవారు, స్వరకర్త గడులలో ఎవరి పేర్లు పెట్టారో రాతపూర్వకంగా తీసుకోండి. ఇవ్వడం వాళ్లకు కష్టం కాదు, ఆ వివరాలు నింపకుండా పాట ఎక్కదు. సంస్థగా మనమే పాటలు విడుదల చేస్తుంటే, ఆ గడులు నింపే బాధ్యత మనదే. అక్కడ సంస్థ పేరు రాసి ఊరుకుంటే మనమూ ఒక చిన్న కంపెనీమే.

అయిదవది, సొంతంగా పాటలు కట్టే స్త్రీలను ఐ.పి.ఆర్.ఎస్.లో సభ్యులుగా చేర్పించే ప్రయత్నం చెయ్యాలి. ఖాతా ఆమె పేరున ఉండాలి, కొడుకు పేరునో భర్త పేరునో కాదు. పొదుపు సంఘాల అనుభవం మనకు ఉంది కాబట్టి ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు.

చివరగా, మన నివేదికల్లో, పుస్తకాల్లో, పోస్టర్ల మీద పాటలు వేసేటప్పుడు "జానపదం" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోవడం మానేద్దాం. ఫలానా ఊళ్లో ఫలానా ఆమె పాడగా విన్నది అని రాద్దాం. అంతర్జాతీయ సంకేతాలలో "ఎవరి దగ్గర నేర్చుకుంది" అన్న గడి లేదు. మన పుస్తకంలో పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆ అవ్వ ఇప్పుడు లేదు. నా దగ్గరున్న టేపును ఆమె కుటుంబంతో మాట్లాడి, వాళ్లు సరేనన్నాక, మళ్లీ నమోదు చేశాను. "తం-7" అన్న చీటీ తీసెయ్యలేదు, ఎందుకంటే నా తప్పు కూడా అక్కడ ఉండాలి. దాని పక్కన ఆమె పేరు, ఊరు, ఆ నాలుగు చరణాలు ఆమె కట్టినవన్న సంగతి, నేర్పిన అత్తగారి పేరు రాశాను. టేపు చివర ఆమె గొంతుతో ఆమె పేరు మాత్రం లేదు. ఆ రోజు నేను అడగలేదు. మీరు రేపు ఊళ్లకు వెళ్లినప్పుడు అడగండి.